పసుపు పిల్ల పచ్చబడేదెప్పుడు?

ఈసారి జవాబుల పేజీ మొత్తం ఒకే పాము గురించి. గ్రీన్ ట్రీ పైథాన్ న్యూగినీ దీవిలోనూ, దాని చుట్టూ ఉన్న చిన్న దీవుల్లోనూ, ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన కేప్ యార్క్ అడవుల్లోనూ చెట్ల మీద బతికే కొండచిలువ. గుడ్డులోంచి వచ్చేటప్పుడు పసుపుగానో ఇటుక ఎరుపుగానో ఉంటుంది, ఎదిగాక ఆకుపచ్చగా మారుతుంది. ఆ మార్పు గురించే మాకు ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో చాలా భాగం విదేశాల్లో దీన్ని పెంచుకుంటున్న మనవాళ్ళవి.

ప్రశ్న: మా అబ్బాయి సరదాపడితే పసుపు రంగు ట్రీ పైథాన్ పిల్లను కొన్నాం. దానికిప్పుడు తొమ్మిది నెలలు. అదే ఈతలో పుట్టిన ఇంకో పిల్లను మా మరిదిగారు కొన్నారు, అది ఏడో నెలకే సగం పచ్చబడింది. మాది మాత్రం నిమ్మపండులా అలాగే ఉంది. కుబుసం విడిచిన ప్రతిసారీ ఆశగా చూస్తున్నాం. తిండిలో ఏమైనా తక్కువ చేస్తున్నామా?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: తొమ్మిది నెలలకు పచ్చబడకపోవడం ఈ పాముల్లో మామూలే. చాలా పిల్లలు ఆరు నెలలకూ ఏడాదికీ మధ్య రంగు మారడం మొదలుపెడతాయి. న్యూగినీకి ఉత్తరాన ఉన్న బియాక్ దీవి సంతతివైతే రెండు మూడేళ్ళు తీసుకున్నా ఆశ్చర్యం లేదు. పెద్దయ్యాక కూడా వాటి ఒంటి మీద పసుపు మచ్చలు మిగిలిపోతుంటాయి. ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చినవాటి మధ్య నెలల తేడా రావడం కూడా ఉన్నదే. అమ్మినవారిని తల్లిదండ్రులు ఏ ప్రాంతానివో అడగండి, సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

కుబుసం కోసం ఎదురుచూడటం మాత్రం మానేయండి. రంగు కుబుసంతో రాదు. పాము విడిచేది చర్మం పైపొరను మాత్రమే. రంగునిచ్చే కణాలు దాని కింద, లోపలి చర్మంలో ఉంటాయి. అందుకే పసుపు పిల్ల విడిచినా పచ్చని పెద్ద పాము విడిచినా చేతికొచ్చే కుబుసం ఇంచుమించు రంగులేని పలచటి పొరే. పాత పొర పోయాక ఒళ్ళు నిగనిగలాడుతుంది కాబట్టి అప్పటికే మొదలైన మార్పు ఒక్కసారిగా బయటపడినట్టు అనిపిస్తుంది, అంతే. అసలు మార్పు రెండు కుబుసాల మధ్య రోజుల్లో పొలుసు పొలుసుగా జరుగుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు పొలుసుల్లో ఒకటి పచ్చగా, రెండోది ఇంకా పసుపుగా కొన్నాళ్ళు ఉండొచ్చు. మొదట వీపు మీద లేత జీడిమామిడి ఆకు ఛాయ తగిలినట్టుంటుంది, పగటి వెలుతురులో అయితేనే తెలుస్తుంది. పొట్ట కింద భాగం చివరికి కూడా లేత పసుపుగానే ఉండిపోతుంది, అక్కడ పచ్చ కోసం వెతక్కండి. మొదలయ్యాక కొన్ని రెండు మూడు వారాల్లో పని ముగిస్తాయి, కొన్ని ఏడాది సాగదీస్తాయి.

మీరు చూడాల్సింది ఎదుగుదల. అడవిలో ఈ మార్పు వయసుకన్నా పొడవుతో ఎక్కువ ముడిపడి ఉందని కేప్ యార్క్‌లో చేసిన పరిశోధన తేల్చింది. మూతి నుంచి మలద్వారం దాకా సుమారు 55 సెంటీమీటర్లు వచ్చేసరికి అక్కడి పిల్లలు పచ్చబడ్డాయి. ఇంట్లో పెంచేవాటికి ఈ కొలత గీత గీసినట్టు వర్తించదు, సంతతిని బట్టి అటూ ఇటూ అవుతుంది. అయినా ఒక ఆనవాలుగా పనికొస్తుంది. కొలవడానికి పామును లాగి చాపకండి. కొమ్మ మీద చుట్టుకుని ఉన్నప్పుడు పక్కనే స్కేలు పెట్టి పైనుంచి ఫొటో తీసి, ఫొటో మీద దారం పరిచి లెక్కకట్టండి. కుబుసాన్ని కొలిస్తే తప్పుడు లెక్క వస్తుంది, విడిచేటప్పుడు అది బాగా సాగుతుంది.

బరువు ఇంకా తేలిక. ఒక గ్రాము తేడా చూపించే వంటింటి డిజిటల్ త్రాసు మీద కొమ్మతో సహా పెట్టి, తర్వాత కొమ్మ బరువు తీసేయండి. నెలకోసారి, మేత పెట్టే ముందు రోజు చాలు. నెలనెలా అంకె పెరుగుతూ, కుబుసం ఒకే ముక్కగా వస్తూ, రాత్రిళ్ళు తల కిందికి వేలాడేసి వేటకు కాచుకుని ఉంటే మీ పాము బాగానే ఉంది. రెండు నెలలు వరుసగా అంకె కదలకపోతే అప్పుడు ఆలోచించాలి. మొట్టమొదట వేడి సరిచూడండి: వెచ్చటి కొమ్మ దగ్గర 30 నుంచి 31 డిగ్రీల సెల్సియస్, మిగతా పెట్టెలో పగలు 26 నుంచి 28, రాత్రి 23 నుంచి 25. వేడి చాలకపోతే తిన్నది అరగదు, అరగనిది ఒంటబట్టదు.

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ – ఒకే పాముకు ఇన్ని రంగులు ఎందుకు? ఆకుపచ్చ వర్ణకం కొత్తగా తయారవుతుందా?
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: పాము ఒంట్లో ఆకుపచ్చ వర్ణకమంటూ లేదు. చర్మంలో మూడు రకాల కణాలు పొరలుగా ఉంటాయి. పైన జాంథోఫోర్లు, వీటిలో పసుపు వర్ణకాలుంటాయి. వాటి కింద ఇరిడోఫోర్లు, వీటిలోని సన్నటి స్ఫటికాలు నీలి కాంతిని వెనక్కి కొడతాయి. అడుగున మెలనోఫోర్లు, అంటే నలుపు. లోపలినుంచి వెనక్కి వచ్చే నీలి వెలుగు పైనున్న పసుపులోంచి బయటపడితే మన కంటికి ఆకుపచ్చ. మ్యూజియంలో స్పిరిట్ సీసాలో పెట్టిన పచ్చ పాములు ఏళ్ళు గడిచేకొద్దీ నీలంగా కనిపించడానికి కారణం ఇదే: పసుపు వర్ణకం స్పిరిట్‌లో కరిగిపోతుంది, స్ఫటికాలు అలాగే ఉంటాయి. పిల్ల పెద్దదయ్యేటప్పుడు మారేది ఈ పొరల మధ్య పాళ్ళు, అమరిక.

ఎందుకన్నదానికి మంచి జవాబు 2007లో డేవిడ్ విల్సన్, రాబర్ట్ హైన్‌సోన్, జాన్ ఎండ్లర్ బయాలజీ లెటర్స్ పత్రికలో ఇచ్చారు. పిల్లలు అడవి అంచుల్లో, చెట్లు కూలి వెలుతురు పడే సందుల్లో, నేలకు దగ్గరగా ఉంటాయి. అక్కడ వాటికి చిన్న బల్లులు, పురుగులు దొరుకుతాయి. పెద్దవి దట్టమైన అడవిలోకి, ఆకుల గుబురులోకి మారతాయి, ఎలుకల్నీ పక్షుల్నీ పడతాయి. పిల్లకు శత్రువు పక్షి. పక్షి కంటికి ఏది ఎలా కనిపిస్తుందో లెక్కగట్టి చూస్తే పసుపు, ఎరుపు అంచుల్లోని ఆకూ అలమల్లో కలిసిపోతాయి, ఆకుపచ్చ గుబురులో కలిసిపోతుంది. నోరు పెద్దదై పెద్ద మేత మింగగలిగిన నాడు పాము చోటు మారుస్తుంది, రంగూ ఆ వేళకే మారుతుంది. పొడవుతో ముడిపడటం వెనక ఉన్న కారణం ఇది.

ఇంకో మాట, మీ నోట్సు కోసం. ఈ పామును 1872లో జంతుశాస్త్రవేత్త ష్లెగెల్ వర్ణించాడు, మొరీలియా విరిడిస్ అన్న పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. 2020లో వచ్చిన జన్యు పరిశోధన తర్వాత న్యూగినీ నడిమి పర్వతాలకు ఉత్తరాన ఉన్నవాటిని, బియాక్ దీవివాటితో సహా, మొరీలియా అజూరియా అని వేరు చేశారు. విరిడిస్ అన్న పేరు దక్షిణాన ఉన్నవాటికి, అరూ అనే దీవులవాటికి, ఆస్ట్రేలియావాటికి మిగిలింది. దక్షిణ అమెరికాలో ఎమరాల్డ్ ట్రీ బోవా అనే మరో పాము అచ్చం ఇలాగే కొమ్మ మీద చుట్ట చుట్టుకుంటుంది, ఎరుపు నుంచి పచ్చకు మారుతుంది. అది పిల్లల్ని కంటుంది, ఇది గుడ్లు పెడుతుంది. చుట్టరికం చాలా దూరం.

ప్రశ్న: మాది ఎర్ర పిల్ల. పది నెలలకు రంగు మారుతుందని సంబరపడ్డాం గానీ, పచ్చ బదులు బురద పూసినట్టు గోధుమ మచ్చలు వస్తున్నాయి. మా అత్తగారు ఇది చర్మరోగమే అంటున్నారు. ఎలా పోల్చుకోవాలి?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఎర్ర పిల్లలు మధ్యలో అందవికారంగా తయారవుతాయి. ఎరుపు ముందు మాసిపోతుంది, తర్వాత గోధుమ, ముదురు ఆలివ్, ఆ పైన ఆకుపచ్చ. ఈ మధ్య దశలో ఫొటో తీసి పంపితే ఎవరైనా జబ్బనే అంటారు. అయినా మీ అత్తగారి అనుమానాన్ని తీసిపారేయకుండా ఒకసారి దగ్గర్నుంచి చూడండి.

రంగు మార్పైతే పొలుసు ఆకారం మారదు. మచ్చ మీద ఏటవాలుగా టార్చి వేసి చూస్తే పొలుసులు చదునుగా, అంచులు తీరుగా, మెరుపుతో ఉంటాయి. ఉబ్బినా, నీటి పొక్కులా ఉన్నా, తడిగా ఉన్నా, వాసన వేసినా అది జబ్బే. తేమ ఎప్పుడూ ఆరని పెట్టెల్లో ఇలాంటి పొక్కులు పొట్ట పొలుసుల మీద మొదలవుతాయి, పొట్ట అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. హీటరుకు దగ్గరగా ఉండే ఒక వైపు మాత్రమే నల్లబడితే కాలినట్టు. మచ్చ ఎండిన కాగితంలా లేచి ఉంటే అది విడవని కుబుసం ముక్క. కంటి చుట్టూ, గడ్డం కింద మడతల్లో మిరియపు పొడిలాంటి నల్ల చుక్కలు కదులుతుంటే పాము పేలు: తడిపిన తెల్ల టిష్యూతో ఒకసారి మెల్లగా తుడిస్తే దాని మీద కనిపిస్తాయి, నీళ్ళ గిన్నె అడుగున కూడా మునిగి ఉంటాయి.

కుబుసం ముక్కలు మిగిలితే గోటితో పీకకండి. మూతకు గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో తడిపి పిండిన టవల్ వేసి, పామును కొమ్మతో పాటు అందులో ఉంచి, 27, 28 డిగ్రీల గదిలో గంట వదిలేయండి. టవల్ మడతల్లో తిరుగుతూ అదే చాలావరకు విడుచుకుంటుంది. కంటి మీది పొర మిగిలితే మాత్రం మీరు చెయ్యి పెట్టొద్దు, వెటర్నరీ డాక్టరు పని అది. మళ్ళీ అలా జరగకుండా ఉండాలంటే సాయంత్రం ఒకసారి బాగా చిలకరించి తేమను 80 శాతం దాకా తీసుకెళ్ళి, మర్నాటి మధ్యాహ్నానికి 50, 55కు దిగి కొమ్మలు ఆరేలా గాలి ఆడనివ్వాలి. చాలామంది తడి సంగతి గుర్తుంచుకుని ఆరబెట్టడం మరిచిపోతారు.

ప్రశ్న: బాగా తినిపిస్తే తొందరగా పచ్చబడుతుందని ఎవరో చెబితే నాలుగు రోజులకోసారి పెద్ద మేత పెడుతున్నాం. నిన్న రాత్రి మలద్వారం దగ్గర ఎర్రటి కండలాంటిది బయటికొచ్చి ఉంది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: మీకు విడిగా వెంటనే జవాబు పంపాం. మిగతా పాఠకుల కోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాం, ఎందుకంటే ట్రీ పైథాన్ పిల్లల్లో తరచుగా వచ్చే ప్రమాదం ఇది. పేగు చివరి భాగం బయటికి జారడాన్ని ప్రొలాప్స్ అంటారు. గంటల్లో చూడాల్సిన సంగతి.

పామును కొమ్మలున్న పెట్టెలోంచి తీసి, తడిపిన తెల్ల పేపర్ టవల్ పరిచిన ఖాళీ డబ్బాలో ఉంచండి. మట్టి, కొబ్బరి పీచు లాంటివి ఆ కండకు అంటుకోకూడదు. సెలైన్ ఉంటే సెలైన్, లేకపోతే కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్ళు పోసి శుభ్రం చేయండి. మామూలు పంచదారను నీళ్ళలో చిక్కటి పాకంలా కరిగించి, గాజుగుడ్డ తడిపి కండ మీద పదిహేను ఇరవై నిమిషాలు ఉంచండి. చక్కెర వాపులోని నీటిని లాగేస్తుంది, ఒక్కోసారి దానంతట అదే లోపలికి పోతుంది. పోయినా పోకపోయినా అదే రోజు సరీసృపాలు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. దారి పొడుగునా తడి ఆరనివ్వకండి, ఎండిన కండ చచ్చిపోతుంది. వేలితోనో దూదిపుల్లతోనో లోపలికి నెట్టే ప్రయత్నం చేయొద్దు. కండ నల్లబడుతుంటే పాకం పని ఆపి నేరుగా ఆసుపత్రికి బయల్దేరండి.

ఎందుకొచ్చింది? ఇది చెట్టు మీద కదలకుండా కూర్చునే పాము. మలాన్ని చాలా రోజులు లోపలే ఉంచుకుంటుంది. దాని మీద పెద్ద మేత, వెంట వెంటనే ఇంకో మేత, నీళ్ళు తాగడం తక్కువ. లోపల గట్టిపడిన ముద్దను తొయ్యడానికి ముక్కితే పేగు జారుతుంది. పైగా ఎక్కువ మేపితే తొందరగా పచ్చబడుతుందన్న మాటలో సగమే నిజం. పొడవు కాస్త తొందరగా రావొచ్చు. కానీ సంతతిలో ఉన్న వాయిదాను మేతతో ముందుకు జరపలేం, కొవ్వు పట్టిన పసుపు పాము మాత్రం మిగులుతుంది.

మేత లెక్క ఇలా పెట్టుకోండి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పది పన్నెండు గ్రాములుంటుంది. మొదటి కుబుసం, అంటే సుమారు రెండు వారాల దాకా, ఏమీ పెట్టక్కర్లేదు. తర్వాత వెంట్రుకలు రాని చిట్టెలుక పిల్ల, గ్రాము ఒకటిన్నర గ్రాములది, ఆరేడు రోజులకోసారి. ఆ తర్వాత ఎప్పుడూ పాము బరువులో పదో వంతు, ఒంటి మీద అన్నిటికన్నా లావైన చోటును మించని మేత. ఆరు నెలలు దాటాక ఎనిమిది పది రోజులకోసారి, ఏడాది దాటాక రెండు వారాలకోసారి, పెద్ద పాముకు మూడు వారాలకోసారి చాలు. మలం రాకుండా రెండు మేతలు గడిచిపోతే మూడోది ఆపండి, రెండు సాయంత్రాలు వరుసగా బాగా చిలకరించండి. తడిసిన పాము కదులుతుంది, కదిలితే సాధారణంగా విసర్జిస్తుంది. ప్రొలాప్స్ నయమైన పాముకు మళ్ళీ మేత ఎప్పుడన్నది డాక్టరే చెప్పాలి. మొదలుపెట్టేటప్పుడు మాత్రం మామూలుగా పెట్టేదానిలో సగం సైజుతో మొదలుపెట్టండి.

మేత కరిగించిన ఫ్రోజెన్‌ది అయితే పైపైన గోరువెచ్చగా ఉంటే సరిపోదు. దీని పెదవుల మీది గుంటలు వేడిని పసిగడతాయి కాబట్టి 38 డిగ్రీల దాకా వేడిచేసి, చీకటి పడ్డాక, పొడవాటి పటకారుతో అందించాలి. తోక కొసను పురుగులా ఆడిస్తుంటే ఆకలితో ఉందని అర్థం. ఆ కదలికకు దగ్గరికొచ్చే బల్లుల కోసం పిల్లలు అలా ఎర వేస్తాయి.

ప్రశ్న: మా పాప స్కూల్ ప్రాజెక్టు కోసం రంగు మార్పును మొదటినుంచి చివరిదాకా ఫొటోల్లో రికార్డు చేయాలనుకుంటోంది. ఒక్కో ఫొటోలో ఒక్కో రంగులా పడుతోంది. పైగా కొమ్మ మీంచి తీస్తే కరుస్తుందేమోనని భయం. ఎర్ర పిల్ల కూడా ఒకటి కొంటే పోల్చి చూడొచ్చు కదా?
— ఒక పాఠకురాలు, బ్రిస్బేన్

జవాబు: చివరి ప్రశ్నకు ముందు: ఆస్ట్రేలియా సంతతిలో పిల్లలన్నీ పసుపే. ఎరుపు న్యూగినీ వైపు పాముల్లోనే ఉంటుంది. ఎర్ర పిల్లను ఎవరైనా అమ్మజూపితే దాని పుట్టుపూర్వోత్తరాలు గట్టిగా అడగండి. మీ రాష్ట్రపు వన్యప్రాణి లైసెన్సులో రాయించకుండా ఏదీ కొనొద్దు.

ఫొటోల్లో రంగు మారడానికి కారణం ఫోను. వెలుతురును బట్టి అది తెలుపును తనకు తోచినట్టు సరిదిద్దుకుంటుంది, అందుకే లేత పచ్చ ఒకసారి పసుపుగా, ఒకసారి బూడిదగా వస్తుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను 5500 కెల్విన్ దగ్గర కట్టేయండి. సీఆర్ఐ (దీపం రంగుల్ని ఎంత సరిగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి పైన ఉన్న తెల్ల ఎల్‌ఈడీ దీపం ఒకటి తీసుకుని, ఎప్పుడూ అదే దీపం, అదే దూరం. ఫ్రేములో ఒక మూల ఫొటోగ్రఫీ గ్రే కార్డు, అంటే రంగు సరిచూసుకోవడానికి వాడే బూడిద రంగు అట్ట, పెట్టండి, తర్వాత కంప్యూటర్లో అన్ని ఫొటోలనూ దానికి సరిపెట్టొచ్చు. వారానికోసారి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి చాలు. వీపు మీద ఒక తెల్ల పొలుసుల గుంపును గుర్తు పెట్టుకుని ప్రతి వారం దాన్నే దగ్గరగా తీస్తే, చుట్టుపక్కల పొలుసులు ఒక్కొక్కటే ఎలా తిరుగుతున్నాయో పాప కళ్ళారా చూస్తుంది. ప్రాజెక్టులో అసలు విలువైన ఫొటోలు అవే. కళ్ళు పాలనీలంగా మసకబారిన వారం తీసిన ఫొటోలను లెక్కలోకి తీసుకోవద్దు. కుబుసానికి ముందు అన్ని రంగులూ మాసినట్టే ఉంటాయి.

కొమ్మ మీంచి పామును తీయకండి. కరుస్తుందన్న భయం తర్వాతి సంగతి, దాని వెన్ను గురించి ముందు ఆలోచించాలి. పిల్ల తోకతో కొమ్మను గట్టిగా పట్టుకుని ఉన్నప్పుడు లాగితే వెన్నుపూసలు దెబ్బతింటాయి, ఆ వంకర జీవితాంతం ఉండిపోతుంది. పెట్టెలో కొమ్మలను రెండు వైపులా గాడిలో కూర్చునేలా బిగించుకుంటే పాముతో సహా కొమ్మనే ఎత్తి బయట పెట్టొచ్చు. కొమ్మ లావు పాము నడుముకు సమానంగానో కాస్త సన్నగానో ఉండాలి, చిన్న పిల్లకు ఆరేడు మిల్లీమీటర్ల పుల్ల చాలు. పిల్లను పెద్ద గాజు పెట్టెలో వేసి మురిసిపోవద్దు: 30 సెంటీమీటర్ల పొడవున్న టబ్బులో మేత దొరికినంత తేలిగ్గా పెద్దదాంట్లో దొరకదు. 60 సెంటీమీటర్ల పెట్టె పచ్చబడ్డాక చూసుకోవచ్చు. మగా ఆడా తెలుసుకోవడానికి ఏడాది లోపు పిల్లకు ప్రోబ్ (మలద్వారంలోంచి దూర్చి చూసే సన్నటి కడ్డీ) వేయించడం, తోక నొక్కి చూడటం కూడా వద్దు.

ప్రశ్న: జీవితాంతం పసుపుగానే ఉండే ట్రీ పైథాన్ పిల్ల అని వాట్సాప్‌లో ఒకతను ఫొటోలు పంపాడు. కాగితాలు తర్వాత ఇస్తానంటున్నాడు. కొనొచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు. ముందు రంగు సంగతి: పసుపు పిల్ల ఫొటో చూసి అది పెద్దయ్యాక పసుపుగా ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. పెద్దయ్యాక కూడా పసుపు ఎక్కువగా నిలుపుకునేవి కొన్ని ఉన్న మాట నిజమే, కానీ తల్లిదండ్రుల్ని చూపించకుండా పిల్ల మీద హామీ ఇస్తే అది బేరం కోసం చెప్పే మాట.

కాగితాల సంగతి ఇంకా గట్టిది. కొండచిలువలన్నీ సైటీస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే) ఒప్పందం జాబితాల్లో ఉన్నాయి, ఇది రెండో అనుబంధంలోది. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని నాలుగో షెడ్యూలులో ఉన్న విదేశీ జంతువులను ఉంచుకునేవారు, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకుని తీరాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా అందులో తెలియజేయాలి. విదేశం నుంచి తేవాలంటే సైటీస్ పర్మిట్‌తో పాటు డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) లైసెన్సు కావాలి. ఇవన్నీ పాముతో పాటే రావాలి, తర్వాత రావు. మన నేల మీది కొండచిలువ సంగతి వేరే, అది మొదటి షెడ్యూలు జంతువు, ఇంట్లో పెంచే ప్రసక్తే లేదు.

కాగితాలున్నా ఒక చిక్కుంది. ఇండోనేషియా పెంపకం కేంద్రాల నుంచి ‘ఇంట్లో పుట్టినవి’ అని ఎగుమతైన ట్రీ పైథాన్లలో కనీసం 80 శాతం అడవిలో పట్టినవేనని జెస్సికా లయన్స్, డానియల్ నాటుష్ 2011లో ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. పచ్చబడకముందే పిల్లల్ని ఏరుకుపోతున్నారని కూడా అందులో ఉంది, ఆ పసుపుకు, ఎరుపుకు ఉన్న గిరాకీ అలాంటిది. అడవిలో పట్టినవి పురుగులతో, శ్వాస జబ్బులతో వస్తాయి. నిడోవైరస్ అనేది ఈ పాముల్ని ముఖ్యంగా పీడిస్తుంది: నోట్లో జిగురు, నోరు తెరిచి ఊపిరి తీయడం దాని గుర్తులు. కొత్త పామును మూడు నుంచి ఆరు నెలలు వేరే గదిలో, వేరే పటకారు, వేరే గిన్నెలతో ఉంచమనేది అందుకే.

ప్రశ్న: మా పెరట్లో మందార చెట్టు మీద సన్నటి పచ్చ పాము కనిపించింది. ఇదేనా ఆ చెట్టు కొండచిలువ?
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: కాదు, మన దేశపు అడవుల్లో అది లేదు. మీరు చూసింది పసిరిక పాము అయ్యుండాలి: పెన్సిలంత లావు, కోసుగా పొడుచుకొచ్చిన మూతి, కంట్లో పాప అడ్డంగా. విషం బలహీనం, మనుషులకు ప్రాణాపాయం లేదు, కంట్లో పొడుస్తుందన్న మాట నమ్మొద్దు. తల మూడుపలకలుగా, మెడ సన్నగా, ఒళ్ళు పొట్టిగా లావుగా ఉంటే మాత్రం వెదురు రక్తపింజరి కావచ్చు. తూర్పు కనుమల వైపు ఉంటుంది, విషపూరితం. దూరం నుంచే చూసి అటవీ శాఖకు ఫోన్ చేయండి.

ప్రశ్న: మా ఆడ ట్రీ పైథాన్‌కు అయిదేళ్ళు. ఎప్పుడో పచ్చబడింది. ఇప్పుడు పక్కల నుంచి నీలంగా మారుతోంది, మేత కూడా ముట్టడం లేదు. మగ పాముతో కలపలేదు. జబ్బా?
— ఒక పాఠకుడు, శాన్ హోసే

జవాబు: ఈడొచ్చిన ఆడ పాముల్లో గుడ్లు తయారయ్యేటప్పుడు హార్మోన్ల ప్రభావంతో నీలం రావడం తెలిసిన విషయమే. కొన్ని ఆ తర్వాత మళ్ళీ పచ్చకు తిరుగుతాయి, కొన్ని నీలంగానే మిగిలిపోతాయి. మగతో కలవకపోయినా పిల్లలు రాని గుడ్లు పెట్టొచ్చు. ముందు మామూలు కారణాల్ని తోసిపుచ్చండి: చర్మం మడతలు పడి, కళ్ళు లోపలికి పోయి, ఒళ్ళు మందంగా నల్లబడితే అది నీటి కొరత. అవేవీ లేకుండా నడుము దిగువ భాగం ఉబ్బుతూ, వెచ్చటి కొమ్మ వదలకుండా ఉంటే గుడ్లే అనుకోండి.

అలాగైతే పెట్టె పైభాగంలో ఒక గూడు కట్టండి. 25 నుంచి 30 సెంటీమీటర్ల ఘనాకారపు చెక్క లేదా ప్లాస్టిక్ డబ్బా, ఎనిమిది పది సెంటీమీటర్ల ద్వారం, అడుగున పిండిన స్ఫాగ్నమ్ నాచు, లోపల 30, 31 డిగ్రీలు. గుడ్లకు ముందు ఒకసారి కుబుసం విడుస్తుంది. ఆ రోజును రాసిపెట్టుకోండి, అక్కడి నుంచి సుమారు మూడు వారాలకు గుడ్లు రావాలి. నాలుగో వారం దాటినా పెట్టకుండా, గూడూ కొమ్మా మార్చుకుంటూ అశాంతిగా తిరుగుతుంటే గుడ్డు అడ్డుపడి ఉండొచ్చు. ఎక్స్‌రే తీయించండి.